గడ్డిలో దశమభాగం

మొదటి లాక్‌డౌన్‌లో ఇంటి నుంచి రెండు కిలోమీటర్లు దాటి నడవకూడదన్నారు. ఆ రెండు కిలోమీటర్లలో చూడ్డానికి ఏముందని మా హౌసింగ్ ఎస్టేట్‌లో అందరూ విసుక్కున్నారు. నాకు మాత్రం ఆ రెండు కిలోమీటర్లలోనే గొర్రెలు దొరికాయి.

మేముండేది డబ్లిన్‌లో, బ్లాంచర్డ్స్‌టౌన్ అంచున. మా వరుస ఇళ్ల వెనక గోడ, గోడ అవతల సన్నటి దారి, ఆ దారి పక్కన ఒక ముసలాయన పొలం. పొలమంటే దున్నేది కాదు, ఉట్టి గడ్డి. అన్నేళ్లుగా బస్సుకి పరిగెత్తే హడావిడిలో ఆ గడ్డిని నేను తలెత్తి చూసిందే లేదు. నేను కేరర్‌ని, ముసలివాళ్లకి సేవ చేసే పని. ఆ వసంతంలో మా నర్సింగ్ హోమ్‌లో ముసలివాళ్లు ఒకరి తర్వాత ఒకరు పోతున్నారు. వాళ్ల పిల్లలు బయట కిటికీ దగ్గర నిలబడి అద్దం మీద చెయ్యి పెట్టేవాళ్లు, లోపలి చెయ్యి నేను పట్టుకునేదాన్ని. డ్యూటీ దిగాక నేరుగా ఇంటికెళ్లబుద్ధయ్యేది కాదు. ఆ దారమ్మట కాసేపు నడిచేదాన్ని.

అలా నడుస్తున్న ఒక రోజు ముసలాయన తల్లిలేని గొర్రెపిల్లని పట్టుకోలేక అవస్థ పడుతూ కనిపించాడు. ఆయన తుంటి ఎముక అరిగిపోయింది, ఆపరేషన్ కరోనా వల్ల వాయిదా పడింది. పిల్ల నోట్లో సీసా పెట్టబోతే అది తల విదిలించుకుంటోంది. నేను గేటు ఇవతల నుంచి, దవడ కింద వేలు పెట్టి మూతి కాస్త పైకెత్తమని చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, అంత తెలిస్తే నువ్వే లోపలికి రా అన్నాడు. మాస్కు సర్దుకుని వెళ్లాను. పిల్ల గుటకలు వేస్తుంటే దాని తోక అల్లల్లాడింది. చాలా వారాల తర్వాత నా చేతుల్లో ఒక ప్రాణం గట్టిగా నిలబడటం చూశాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. ముసలాయన చూడనట్టు అటు తిరిగాడు.

మా నాన్న ఊళ్లోవాళ్ల గొర్రెలు పాలికి మేపేవాడు. గొర్రె వాళ్లది, ఎండా వానా మాది, పుట్టినదాంట్లో సగం మాకు. ఆ సగం కూడా మా కొట్టంలో ఒక ఏడాది నిలిచింది లేదు. ఏదో ఒక జ్వరానికో ఫీజుకో వెళ్లిపోయేది. ఇది మాది అని ఆయన ఏ గొర్రె వీపు మీదా చెయ్యి వేయకుండానే పోయాడు. ఈ మాట ముసలాయనకి చెప్పాలని చెప్పలేదు, రోజూ సీసాలు పట్టిస్తూ మాట్లాడుకుంటుంటే అదే వచ్చేసింది. ఆయన ఖాళీ సీసా పక్కన పెట్టి, తల్లిలేని పిల్లలు నాలుగున్నాయి, అవి నీవే, గడ్డి కూడా నీదే అన్నాడు.

గడ్డి నాదెలా అవుతుందని అడిగాను. అప్పుడు చెప్పాడు ఇక్కడి పద్ధతి. ఈ దేశంలో మేత పొలాన్ని పదకొండు నెలలకే ఇస్తారు. పన్నెండో నెల పొలం ఖాళీగా ఉండాలి, మందని బయటికి తోలెయ్యాలి, గేటు తెరిచి పెట్టాలి. నిండా ఏడాది ఉంటే మనిషికి నేల మీద హక్కు వచ్చేస్తుందని పూర్వం నుంచీ భయం. ఆ నెల గడిచాక మళ్లీ చెయ్యి కలిపితే మళ్లీ పదకొండు నెలలు. కాగితం లేదు, సంతకం లేదు. బదులుగా నేనేమీ ఇవ్వక్కర్లేదు, ఆయన తుంటి బాగయ్యేదాకా ఆయన మందని కూడా చూసుకుంటే చాలు. గొర్రెల చెవి ట్యాగులు మాత్రం ప్రభుత్వం ఆయనకిచ్చిన నెంబరు మీదే ఉండాలి. అంటే మాట తప్ప నా చేతిలో ఏమీ లేదు. నాకు మాట చాలనిపించింది.

కరోనా రోజులు కదా, చెయ్యి కలపకూడదు. అందుకని ఆయన తన చేతికర్రని గేటు మీదుగా చాపాడు. ఆ కొస నేను పట్టుకున్నాను. ఇద్దరం ఒకసారి కిందికీ పైకీ ఊపాం. "గ్రాండ్," అన్నాడు ఆయన, ఇక్కడివాళ్లు సరే అనేది అలాగే. నా పెళ్లిలో కూడా అంత గట్టిగా ఏదీ పట్టుకోలేదు.

ఇంటికి రాగానే అక్కకి ఫోన్ చేశాను. అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు. ఇక్కడి ఆసుపత్రిలో నర్సు, మా ఊరికి దగ్గరి ఊరు. నేను ఈ దేశంలో దిగిన రోజు ఎయిర్‌పోర్టుకి వచ్చింది ఆమే. నా మొదటి మూడు నెలలూ ఆమె ఇంట్లో, ఆమె కూతురి మంచం మీద గడిచాయి. నా బిడ్డ పుట్టినప్పుడు పత్యం వండి పెట్టిందీ, నాకు కోపమొస్తే తిట్టి అన్నం పెట్టిందీ ఆమే. మా తెలుగు క్రైస్తవ సహవాసంలో స్త్రీల కూడికకి పెద్ద. గొర్రెల సంగతి చెప్తే పడీ పడీ నవ్వింది. "డబ్లిన్ వచ్చి గొర్రెలు కాస్తన్నావంటే మీ నాన్న సమాధిలోంచి లేచొస్తాడే," అంది. ఆ తర్వాత నవ్వు ఆపి, "మంచిపని చేశావులే. నీ ముఖాన కళ తప్పి చాన్నాళ్లయింది," అంది. ఆ మాటకి నేను కరిగిపోయాను.

మా సహవాసానికి సొంత గుడి లేదు. ఒక కమ్యూనిటీ హాల్లో ఆదివారం మధ్యాహ్నం కూడేవాళ్లం. ముందు బాస్కెట్‌బాల్ పిల్లలు, వెనక జుంబా ఆడవాళ్లు, మధ్యలో మా ప్రభువు. కుర్చీలు వేసేదీ తీసేదీ అక్క. లాక్‌డౌన్‌తో హాలు మూతపడింది, ఆరాధన జూమ్‌లోకి వచ్చింది. మా పాస్టరు అయ్యగారు వారమంతా స్వోర్డ్స్ ఊరి దగ్గర ఎయిర్‌పోర్టు కార్గోలో పని చేసి, ఆదివారం తన ఇంటి మెట్ల మీద కూర్చుని వాక్యం చెప్పేవారు. చెడ్డమనిషి కాదు. ఆ మాట నేను ఇప్పటికీ అంటాను, కష్టం మీద. కానీ దశమభాగం అనే మాట వస్తే ఆయన గొంతు మారేది. జీతంలో పదో వంతు సరే. ఓవర్‌టైమ్‌లో, పుట్టినరోజు కానుకలో, ఊరి నుంచి వచ్చిన ఆవకాయలో కూడా దేవుని పాలు వెతకగలరు ఆయన.

ఆ శరత్కాలంలో కోత పండుగ వచ్చింది. మన పల్లెల్లో సంఘాలకి వెళ్లినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఎవరి కోత వాళ్లు తెస్తారు: గుమ్మడికాయ, కోడి, బియ్యం, మేకపిల్ల. అయ్యగారు వాటి మీద ప్రార్థన చేసి ప్రతిష్ఠిస్తారు. ఆ తర్వాత వేలం పాట. ప్రార్థన అయ్యాక ఆ వస్తువు ఇచ్చినవాళ్లది కాదు. కావాలంటే వాళ్లు కూడా పాడుకుని కొనుక్కోవాల్సిందే. ఆ ఏడాది పండుగ జూమ్‌లో చేశాం. ఎవరి వంటింట్లోంచి వాళ్లు కెమెరాకి చూపించారు. ఒకావిడ పెరుగన్నం చూపించింది, దాన్ని పక్క పేట లూకన్ నుంచి కూడా ఎవరూ పాడలేదు.

నా నాలుగు గొర్రెపిల్లల్లో ఒకటి మగది. మొదటిరోజే దాన్ని దేవునికి అనుకున్నాను. అందుకే వంటింట్లో కాకుండా పొలంలోకి వెళ్లి, పొట్టేలుని కాళ్ల మధ్య అదిమిపెట్టి ఫోన్ పైకెత్తాను. వెనక ఎండ, పచ్చటి గడ్డి, మూడు ఆడపిల్లలు మేస్తున్నాయి. స్క్రీన్ మీద అందరి ముఖాలూ ముందుకి వంగాయి. అయ్యగారు మెట్ల మీంచి లేచి నిలబడ్డారు. చెయ్యి చాపి ప్రార్థన మొదలుపెట్టారు. పొట్టేలు కోసం చేశారు, నా చేతుల కోసం చేశారు, ఆ తర్వాత ఆయన గొంతు పైకి లేచింది. ఈ పచ్చిక బయలుని కూడా నీ మందిరం కొరకు ప్రతిష్ఠిస్తున్నాము ప్రభువా అన్నారు.

మనం ప్రార్థనలో ప్రతి మాటా తూకం వేసి వినం. విన్నా ఎదురు చెప్పం. ప్రార్థన అయితే ఆమేన్ అంటాం. తుమ్మితే చిరంజీవ అన్నంత అలవాటు అది. నా చిన్నప్పటి నుంచి నిద్రలో లేపి ప్రార్థన చేసినా ఆమేన్ అనగలను. అన్నాను, గట్టిగా. మిగిలినవాళ్లందరూ మ్యూట్‌లో ఉన్నారు. వస్తువు చూపిస్తున్నదాన్ని కనుక వింటున్నవాళ్లలో నేనొక్కదాన్నే మ్యూట్‌లో లేను. ఆ ఆమేన్ ఒక్కటే అందరి ఇళ్లలో వినిపించింది.

పొట్టేలు వేలంలో ఎవరికో వెళ్లింది, నా మనసులో మాత్రం ఏదో ముల్లులా గుచ్చుకుంది. ఆ సాయంత్రం అక్కకి ఫోన్ చేసి, అయ్యగారు పొలాన్ని కూడా కలిపేశారేంటక్కా, అది నాది కూడా కాదు, ముసలాయనది కదా అన్నాను. అక్క తేలిగ్గా తీసేసింది. "ప్రార్థనలో సవాలక్ష అంటారే. నువ్విచ్చింది పొట్టేలు. నీ గడ్డి ఎవుడు తింటాడు?" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను ఇవ్వలేదని అక్కకి తెలుసు. నా నోటితోనే చెప్పాను, తన నోటితోనే ఒప్పుకుంది.

చలికాలం నడిచింది. ముసలాయన పొట్టేలుతో నా మూడూ కట్టాయి. మార్చి మధ్యకల్లా పదకొండు నెలలు నిండాయి. ముసలాయన పద్ధతి ప్రకారం మందని తన ఇంటి వెనక దొడ్లోకి తోలించి, పొలం గేటు బార్లా తెరిపించాడు. చూలు గొర్రెలు మూడూ దొడ్లో ఎండుగడ్డి నములుతుంటే, నెల ఎప్పుడవుతుందా అని నేను రోజులు లెక్కపెట్టుకుంటున్నాను. ఈసారి పుట్టే పిల్లలు నావి, నా గొర్రెలకి పుట్టినవి. పాలు లేదు, సగం లేదు.

సరిగ్గా అప్పుడు నాకు కరోనా వచ్చింది. మా చిన్న గదిలో తలుపు వేసుకుని పడుకున్నాను. మా ఆయన తలుపు బయట గంజి పెట్టి వెళ్లేవాడు, మా అమ్మాయి "ఆర్ యు ఓకే, మ్యామ్?" అని, ఇక్కడి పిల్లలు అమ్మని పిలిచే మాటతో, బయటి నుంచి అరిచేది. వాళ్లూ గడప దాటకూడదు. రోగం కన్నా గొర్రెల దిగులే ఎక్కువైంది. అక్కకి ఫోన్ చేశాను. అక్క ఒక్క క్షణం ఆలోచించలేదు. "నేనెళ్తానే, నువ్వు పడుకో," అంది. ముసలాయనకి కూడా ఫోన్ చేసి చెప్పాను: అక్క వస్తుంది, నెల గడిచిన రోజు కర్ర కొస ఆమే పట్టుకుంటుంది, ఆమె మాటంటే నా మాటే. ఆయన గ్రాండ్ అన్నాడు.

అక్క రోజూ వెళ్లింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, గొర్రెలకి దాణా పెట్టింది, వీడియోలు పంపింది. కర్ర పట్టుకున్న రోజు కూడా ఫోన్ చేసి, అయిపోయిందే, నిశ్చింతగా ఉండు అంది. నిశ్చింతగానే ఉన్నాను. ఆ రాత్రి కమ్మగా నిద్రపోయాను. ఆ నిద్ర తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

బయటికి వచ్చిన మొదటి రోజు, గోడ పట్టుకుని దారమ్మట నడిచాను. గొర్రెలు ఇంకా దొడ్లోనే ఉన్నాయి. పొలంలో కర్రలు పాతి తాడు కట్టారు. ఒక మూల తెల్లటి గెజిబో టెంట్ మడిచి పెట్టి ఉంది. ముసలాయన గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని, మీ చర్చివాళ్లు కర్రలు బాగానే పాతారు అన్నాడు. ఏ చర్చి, ఏ కర్రలు? ఆయన ముఖం మారింది. మీ అక్క చెప్పింది, నువ్వు పొలాన్ని కోత పండుగలో మీ గుడికి ఇచ్చేశావట, అందుకని ఈసారి చర్చి పేరు మీద కర్ర పట్టుకుంటున్నానంది, నువ్వు కోరుకున్నదదే అనుకున్నాను అన్నాడు. దారి పక్కన కారులో మీ పాస్టర్ కూడా కూర్చుని ఉన్నాడన్నాడు.

అక్కడే గోడ మీద కూలబడ్డాను. ముసలాయన నీళ్లు తెమ్మంటావా అని అడుగుతున్నాడు. నాకు ఆయన కర్ర ఒక్కటే కనిపిస్తోంది. ఆ కొస పట్టుకున్నది అక్క చెయ్యి. నాకు పత్యం కలిపి పెట్టిన చెయ్యి.

అక్కడి నుంచే ఫోన్ చేశాను. అక్క ఎత్తగానే, పొలం గుడికిచ్చానని ఎందుకు చెప్పావని అడిగాను.

"నువ్వే కదే ఆమేన్ అన్నావు," అంది.

"ఆ సాయంత్రం నీతో ఏమన్నాను నేను? నువ్వేమన్నావు?"

"అదేదో నవ్వులాటకి అనుకున్నాం. అందరూ విన్నది మాత్రం ఆమేన్ కదా. పదేళ్ల నుంచి అద్దె హాళ్లల్లో కుర్చీలు మోస్తన్నాను. మనకంటూ ఒక చోటు వద్దటే?"

"నాకంటూ వద్దా అక్కా?" అన్నాను. అయ్యగారితో మాట్లాడమని ఫోన్ పెట్టేసింది.

మాట్లాడాను. పెద్దలందరినీ జూమ్‌లో కూర్చోబెట్టారు. అయ్యగారు నన్ను అమ్మా అమ్మా అంటూనే తీర్పు చెప్పారు. ఆరుబయట కూడుకోవడానికి త్వరలో అనుమతి వస్తుంది, అప్పటికి ఈ పచ్చిక సిద్ధంగా ఉండటం దేవుని ఏర్పాటు. నా గొర్రెలకి ఆయన అడ్డం చెప్పరు, వారమంతా మేసుకోవచ్చు. అయితే గడ్డి ఇప్పుడు ప్రభువుది. ప్రభువు గడ్డి తిన్న గొర్రెలో ప్రభువుకి పాలుంటుంది. మూడు గొర్రెలకి పదో పిల్ల లెక్క తేలదు కాబట్టి, ఏటా మొదట పుట్టిన పిల్లని మందిరానికి ఇస్తే చాలు. విన్నారా, చాలట. నేను పెంచిన గొర్రెలు, నాకిచ్చిన గడ్డి, దాని మీద మళ్లీ నేనే పాలు కట్టాలి. మా నాన్న కనీసం ఎవరి గొర్రెలు కాస్తున్నాడో ఆయనకి తెలుసు.

నేను ఇవ్వలేదన్నాను. ఆమేన్ అలవాటుగా అన్నానన్నాను. అయ్యగారు నొచ్చుకుని, అక్కవైపు తిరిగారు, అంటే స్క్రీన్‌లో ఆమె గడి వైపు. నీకు దగ్గరి మనిషి కదా సిస్టర్, ఆమె మనసు నీకు తెలుసు, నువ్వు చెప్పు అన్నారు. అక్క మ్యూట్ తీసింది. వెనక ఆమె వంటింటి ప్రెస్ తలుపులు కనిపిస్తున్నాయి, ఇక్కడ అలమరని ప్రెస్ అంటారు. ఆ ప్రెస్‌లో ఏ డబ్బా ఎక్కడుంటుందో నాకు తెలుసు.

"మనస్ఫూర్తిగానే ఇచ్చిందయ్యగారూ," అంది అక్క. "ఇప్పుడేదో ఒంట్లో బాగోక అట్టా అంటంది."

నేను లాప్‌టాప్ మూసేశాను. తిట్టలేదు, అరవలేదు. నాకు తిట్లు తక్కువై కాదు, అక్కని తిట్టడానికి నోరు రాలేదు. ఎదురుగా ఎవరు అబద్ధమాడినా తట్టుకునేదాన్ని. నా ఒంట్లో బాగోలేదని నా మీద జాలి పడుతూ ఆడిందే, అది మాత్రం గుండెలో దిగబడింది.

మర్నాడు ముసలాయనకి ఉన్నదంతా చెప్పకపోయినా, పిల్లని అడిగిన సంగతి చెప్పాను. ఆయన నవ్వు మొదలుపెట్టి దగ్గుతో ముగించాడు. ఆయన పూర్వీకుల్లో ఒకాయన ఇంగ్లండులో పల్లెటూరి పాదిరిట. ఆ పాదిరి బతుకంతా ఈ తగువుల్లోనే పోయిందని ఇంట్లో చెప్పుకునేవాళ్లట. చేలో పంటకైతే పదో పన ఇది అని చూపించొచ్చు. ఉన్నికీ, గొర్రెపిల్లకీ కూడా లెక్క కుదురుతుంది. కానీ గడ్డి మాటేమిటి? గొడ్డు మేసి వెళ్లిపోయాక అక్కడ పదో వంతు అని దేన్ని పట్టుకుంటారు? మేత మీద కూడా నా భాగముంది అని పాదిరి, ఎండుగడ్డి కోసినప్పుడే ఇచ్చాను మళ్లీ చిగురించినదానికి ఇవ్వనని రైతు. గొర్రె ఒక ఊళ్లో ఈని ఇంకో ఊళ్లో మేస్తే రెండు ఊళ్ల పాదిరులూ చెయ్యి చాపేవాళ్లట. ఉన్ని కత్తిరించే ముందు మందని పొలిమేర దాటించేసేవాళ్లు కొందరట. ఈ ఐర్లండులో ఇంకా చోద్యం, పెద్ద పెద్ద మేత భూములవాళ్లు మాత్రం తమ గడ్డిని తప్పించుకున్నారు, బీదవాడి బంగాళదుంప మడి మీద పడింది భారమంతా, అదీ వాడు మొక్కని చర్చి కోసం.

నేను వింటూ గొర్రెల డెక్కలు చూస్తున్నాను. తగువు వస్తే ఎలా తేల్చేవాళ్లని అడిగాను.

"చర్చి కోర్టులో," అన్నాడు. "సాక్షులుగా పక్కింటివాళ్లని పిలిచేవాళ్లు. నీ సంగతులు వాళ్లకే కదా తెలిసేది."

ఆ మాట చెప్పి ఆయన నా ముఖం చూశాడు. ఆయనేమీ అమాయకుడు కాదు. తన కర్రని ఒళ్లో అడ్డంగా పెట్టుకుని, నువ్వు ఒక్క మాట చెప్పు, ఆవిడ నీ మాట చెప్పలేదను, ఆ ఒప్పందం చెల్లదని నేనే వెళ్లి కర్రలు పీకేస్తాను అన్నాడు.

ఒక్క మాట. పొలం, గొర్రెలు, పుట్టబోయే పిల్లలు అన్నీ నావవుతాయి. మా అమ్మాయి అయితే, షీ లైడ్ మ్యామ్, జస్ట్ సే ఇట్ అని రెండు రోజులు నా వెంటపడింది. చెప్పలేకపోయాను. దేవుడి పేరు చెప్పుకుని మావాళ్లు మీతో అబద్ధమాడారని ఆ తెల్లాయనతో నా నోటితో అనలేకపోయాను. మనవాళ్ల పరువు. ఆ పరువు కర్ర కొస పట్టుకున్నప్పుడు అక్కకి అడ్డం రాలేదు, కారులో కూర్చున్న అయ్యగారికి అడ్డం రాలేదు. వచ్చి వచ్చి నా గొంతుకే అడ్డం పడింది. ఆమె మాట నా మాటేనని నేనే చెప్పాను కదా అన్నాను ముసలాయనతో. ఆయన తల పంకించాడు.

మూడూ దొడ్లోనే ఈనాయి. మొదటి పిల్ల తెల్లారగట్ల పడింది, నల్ల ముఖం, ఆడది. దాని వీపు మీద చెయ్యి వేశాను. ఇది మాది నాన్నా అనుకున్నాను, ఆ ఒక్క పూట. దానికోసం అయ్యగారి నుంచి మెసేజ్ వచ్చింది, తల్లీ పిల్లా క్షేమమా అని. క్షేమమే అని రాసి, అక్కడితో ఆపాను.

గడ్డి లేకుండా దొడ్లో మందని ఎంతకాలం ఉంచుతాం? ప్రభువు గడ్డి మీద వాటి మూతి పెట్టనివ్వనని పంతం పట్టాను. ముసలాయన పక్క జిల్లా మీత్ వైపు తనకి తెలిసిన రైతుకి, నా గొర్రెల్ని కొనుక్కోమని కబురు చేశాడు. ఆ రైతు ట్రైలర్ తెచ్చాడు. నా పిలుపు తప్ప ఎరగని గొర్రెలు కదా, ఎక్కమంటే ఎక్కలేదు. చివరికి నేనే ట్రైలర్‌లోకి వెళ్లి, మా నాన్న పిలిచే పిలుపు పిలిచాను, పెదాలు విదిలిస్తూ. పిల్లల్ని వెంటేసుకుని మూడూ ఎక్కి నా చుట్టూ చేరాయి. నన్ను నమ్మి వచ్చాయి. నేను పక్క తలుపులోంచి దిగాను, రైతు గొళ్లెం వేశాడు. అక్క నాకు చేసిందే నేను వాటికి చేసినట్టనిపించి, ఆ రోజంతా అన్నం సయించలేదు.

పొలంలో ఆరాధన రెండు ఆదివారాలు జరిగింది. మొదటిసారి వాన. రెండోసారి ఎవరో గార్డాలకి, అంటే పోలీసులకి, ఫోన్ చేస్తారేమోనని భయంతో పాట మెల్లగా పాడుకున్నారట. నేను వెళ్లలేదు. మా పై గది కిటికీలోంచి తెల్లటి టెంట్ కనిపించేది. ఆ తర్వాత ఎండలు రాకముందే హాళ్లు తెరుచుకోవచ్చన్నారు. వేడి గది, మైకు, టాయిలెట్, కారు పెట్టుకునే చోటు. ప్రభువు మళ్లీ జుంబాకి ముందు, బాస్కెట్‌బాల్‌కి వెనక సర్దుకున్నాడు. ముసలాయన తన మందని కూడా ఆ మీత్ రైతుకే మేపుకి ఇచ్చేశాడు, గడ్డిని మేసేవాళ్లు లేరు, కోసేవాళ్లు లేరు. ముళ్లచెట్లు నడుమెత్తు లేచాయి. నేను చూడకుండా ఉండటానికి కర్టెన్ వేసుకున్నాను.

ముసలాయనకి ఆ శీతాకాలంలో ఆపరేషన్ అయింది. మళ్లీ పదకొండు నెలలు నిండి, గేటు బార్లా తెరుచుకుంది. ఆ నెలలోనే ఒక సాయంత్రం అక్క మా ఇంటికి వచ్చింది. చెప్పకుండా వచ్చింది, ఎప్పుడూ వచ్చినట్టే, చేతిలో తను చేసిన రవ్వకేకు డబ్బాతో. ఆ ఏడాదంతా మా మధ్య ఫోన్లు లేవు, హాల్లో కనపడితే తలలు ఊపుకోవడం తప్ప. నేను కెటిల్ ఆన్ చేశాను. ఇంటికి వచ్చినవాళ్లకి టీ ఇవ్వకుండా ఉండేంత దూరం నేనింకా పోలేదు.

ఆమె వంటింటి కుర్చీలో కూర్చుని పిల్ల చదువు అడిగింది, నా నడుంనొప్పి అడిగింది. ఆ తర్వాత అసలు మాటకి వచ్చింది. "పొలం మాకిప్పుడు అక్కర్లేదులేవే. అయ్యగారు కూడా అన్నారు. నువ్వెళ్లి కర్ర పట్టుకో. మళ్లీ గొర్రెల్ని తెచ్చుకో," అంది.

అక్కర్లేదట. వాళ్లకి కావాల్సి వచ్చినప్పుడు అది ప్రభువుది, అక్కర్లేనప్పుడు నాది. గొర్రెలు ట్రైలర్ ఎక్కిపోయాయని ఆమెకి తెలుసు. అయినా తిరిగి ఇస్తున్నట్టే ఇచ్చింది, వాడేసిన గిన్నె కడిగి తెచ్చినట్టు. క్షమించమని అడుగుతుందేమోనని ఆమె నోటివైపు చూశాను. అడిగితే ఏమనేదాన్నో నాకు తెలియదు. బహుశా ఏడ్చి కావిలించుకునేదాన్ని. ఆమె నా అక్క.

అడగలేదు. వెళ్లేముందు ఎప్పటిలాగే కొంగు తల మీదికి లాక్కుని, "ప్రార్థన చేసుకుందాం దా," అంది. నా చేతులు పట్టుకుంది. కళ్లు మూసుకుని నా ఆరోగ్యం కోసం చేసింది, నా బిడ్డ కోసం చేసింది. మా ఇద్దరి ప్రేమని ముందులాగే స్థిరపరచు తండ్రీ అని ఏడుస్తూ చేసింది. నిజంగానే ఏడుస్తోంది. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ అని ఆగింది.

నేను కళ్లు తెరిచే ఉన్నాను. ఆమె రెప్పలు మూసుకుని, నా చేతులు వదలకుండా, నా వంతు కోసం ఎదురుచూస్తోంది. ఒకసారి నా వేళ్లు మెల్లగా నొక్కింది, మర్చిపోయానేమో గుర్తు చేస్తున్నట్టు.

నేను చేతులు విడిపించుకుని, ప్రెస్‌లోంచి కప్పులు తీసి టీ పోశాను.